బూజు కన్నా ముందు నీటి జాడ పట్టాలి

ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో మోంతిన్యాక్ ఊరి దగ్గరున్న లాస్కో గుహను 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్లు కనుగొన్నారు. గోడల మీది ఎద్దులు, గుర్రాలు, దుప్పుల బొమ్మలు 15 వేల ఏళ్లకు పైబడినవి. 1948లో గుహను సందర్శకులకు తెరిచారు. 1950ల మధ్యకల్లా రోజుకు 1,200 మంది దాకా లోపలికి వెళ్లివచ్చేవారు. వాళ్ల ఊపిరితో వచ్చిన తేమ, బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చెప్పులకు అంటిన మట్టి, లోపల వెలిగించిన దీపాలు కలిసి గుహ గాలినే మార్చేశాయి. మొదట పచ్చటి నాచు పుట్టింది. కొన్నిచోట్ల గోడ మీద తెల్లటి సున్నపు పొర పేరుకుంది. వేల ఏళ్లు చెక్కుచెదరని ఆ చిత్రాలు జనం రాకపోకలు మొదలైన పదిహేనేళ్లకే ప్రమాదంలో పడటంతో, 1963లో అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహను మూసివేయించారు.

మ్యూజియంలలోనూ పాత కట్టడాల్లోనూ బూజుతో వేగవలసిన వాళ్లకు అంతకన్నా ముఖ్యమైన పాఠం ఆ తర్వాతి కథలో ఉంది. మూసివేత తర్వాత గుహ కొన్ని దశాబ్దాల పాటు నిలకడగానే ఉంది. నాచును ఫార్మాలిన్‌తో, యాంటీబయాటిక్‌లతో అణిచారు. లోపలికి వెళ్లే కొద్దిమంది కూడా ఫార్మాలిన్ తొట్టిలో కాళ్లు తడుపుకుని వెళ్లే పద్ధతి పెట్టారు. 2000 ప్రాంతంలో పాత గాలి నియంత్రణ యంత్రాలను తీసి కొత్తవి అమర్చారు. 2001లో తెల్లటి దూది పరచినట్టు ఫ్యుజేరియం సొలాని అనే శిలీంధ్రం నేల మీద, గోడల అంచుల మీద విజృంభించింది. దాని మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమినాశిని, యాంటీబయాటిక్‌లు ప్రయోగించారు, నేల మీద పొడిసున్నం చల్లారు. తెల్ల బూజు తగ్గింది. కొన్నేళ్లకు నల్లటి మచ్చలు వ్యాపించడం మొదలైంది. 2008లో గుహను కొన్ని నెలల పాటు శాస్త్రవేత్తలకు కూడా మూసివేయవలసి వచ్చింది. ఆ నల్ల మచ్చలకు కారణమైన శిలీంధ్రాల్లో ఒకటి అప్పటిదాకా శాస్త్రానికి తెలియనిదే. 2012లో దానికి గుహ పేరు మీదుగానే ఓక్రోకోనిస్ లాస్కాక్సెన్సిస్ అని పేరు పెట్టారు. శిలీంధ్రాన్ని తినే అతి చిన్న పురుగులు దాని సిద్ధబీజాలను (విత్తనాల్లా మొలకెత్తే కణాలను) ఒక గోడ నుంచి ఇంకో గోడకు మోసుకుపోతున్నాయని కూడా తేలింది.

అంటే ప్రతి మందూ తాను గురిపెట్టిన జీవిని అణిచి, ఇంకో జీవికి చోటు ఖాళీ చేసింది. గుహలోని సూక్ష్మజీవులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, దశాబ్దాల తరబడి వాడిన రసాయనాలే ఆ మందులను తట్టుకునే బ్యాక్టీరియాను ఏరి పెంచాయని చెప్పారు. చచ్చిన శిలీంధ్రం తర్వాతి తరానికి తిండి అవుతుంది. తేమ, వేడి, గాలి కదలిక మునుపటిలాగే ఉన్నంతకాలం చంపడం ఎప్పటికీ పూర్తయ్యే పని కాదు. బూజు అసలు జబ్బు కాదని, కట్టడంలోకి నీరు ఎక్కడో దారి చేసుకుందన్నదానికి గుర్తని అంగీకరించినప్పుడే సంరక్షణ మొదలవుతుంది.

శిలీంధ్ర సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. ఎంత శుభ్రమైన మ్యూజియంలోనైనా అవి లేని చోటు ఉండదు. వాటిని పూర్తిగా తొలగించాలనుకోవడం వృథా ప్రయాస. అవి మొలకెత్తడానికి కావలసింది తిండి, నీరు. తిండికి మ్యూజియంలో కరువు లేదు: కాగితం, నూలు, పట్టు, తోలు, కొయ్య, జిగురు, ఫొటోల మీది జెలటిన్ పూత, ఏమీ దొరకకపోతే గాజు మీద పేరుకున్న దుమ్ము. కాబట్టి మన చేతిలో మిగిలింది నీరు ఒక్కటే. గాలిలో తేమ 60 శాతం లోపు నిలకడగా ఉంటే దాదాపు ఏ బూజూ పెరగదు. ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగినంత నీటిలో ఎంత వంతు ఉందన్నదే ఈ శాతం; గాలి చల్లబడితే పట్టగలిగేది తగ్గి, శాతం పెరుగుతుంది. 65 శాతం దాటితే ప్రమాదం మొదలవుతుంది. 70 దగ్గర బూజు కనిపించడానికి నెలలు పట్టవచ్చు. 90 దాటితే, అందులోనూ మన వాతావరణపు వేడిలో, రోజులు చాలు. ఇది ఆ వస్తువును ఆనుకుని ఉన్న గాలి సంగతి. హాలు మధ్యలో గోడకు తగిలించిన మీటరు 58 చూపిస్తూ ఉండగానే, బయటి గోడకు ఆనించిన బీరువా వెనక 80 ఉండవచ్చు.

ఒక పాత పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. బూజు సాధారణంగా మొదట పేజీల మధ్య పట్టదు. వీపు మీద, అట్ట మడత పడే చోట, వేళ్లు తరచూ తగిలే అంచుల దగ్గర పడుతుంది. బైండింగు గుడ్డకు పెట్టిన గంజి, మైదా జిగురు, చేతి జిడ్డు అక్కడే ఉంటాయి. ఆ పుస్తకం అరలో వెనక్కి, గోడ వైపు జరిగి ఉంటే గోడకు తగిలే అంచే ముందు పాడవుతుంది. ఒక అరలో ఏయే పుస్తకాలకు, ఏ వైపున బూజు పట్టిందో ఒక కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే, చాలాసార్లు ఆ గుర్తులే తడిగోడ ఏదో, కారే గొట్టం ఏదో చూపిస్తాయి. తుడవడానికి ముందే ఈ పటం గీయాలి, ఫొటోలు తీయాలి. తుడిచేశాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు.

కనిపించిన బూజు బతికి ఉందా, నిద్రాణంగా ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. బతికి ఉన్నది తడిగా, మెత్తగా ఉండి కుంచె తగిలితే అలుక్కుపోతుంది. రంగును లోపలికి పులుముతుంది. ఎండినది పొడిపొడిగా రాలుతుంది. అందుకే తడి బూజును ఉన్నపళంగా తుడవకూడదు. ముందు ఆ వస్తువును మిగతా వాటి నుంచి వేరుచేసి, తేమ తక్కువగా ఉన్న గదిలో ఆరనివ్వాలి. తడిసిన వస్తువును ప్లాస్టిక్ సంచిలో బిగించి మామూలు గది వేడిలో ఉంచడం అన్నిటికన్నా చేటు. వేరుచేయడానికని చేసిన ఆ పని బూజుకు పొదుగుపెట్టె అవుతుంది. ఆరిన తర్వాత, అతి సన్నని రేణువులను కూడా ఆపే హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ క్లీనరును తక్కువ లాగుడులో పెట్టి, గొట్టం మూతికి సన్నని వలగుడ్డ కట్టి, మెత్తటి కుంచెతో పొడిని ఆ మూతి వైపు తోస్తూ శుభ్రం చేస్తారు. మామూలు ఇంటి వాక్యూమ్ క్లీనరు పనికిరాదు. అది ఒకవైపు పీల్చిన సిద్ధబీజాలను వెనకవైపు నుంచి గది నిండా వెదజల్లుతుంది. ఫ్యాను కింద కూర్చుని దులపడం కూడా అంతే.

ఈ పని చేసేవాళ్ల ఆరోగ్యాన్ని మన సంస్థల్లో చాలా తేలిగ్గా తీసుకుంటారు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. సరిగ్గా అమరిన ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కంటి అద్దాలు, పని ముగిశాక విడిగా ఉతికే పైబట్ట తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లను, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లను ఈ పనికి పంపకూడదు. పాత గ్రంథాలయాల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంటుంది: ఒకప్పుడు పురుగుల కోసం చల్లిన డీడీటీ, గమాక్సిన్ పొడులు అరల్లో, పుస్తకాల మడతల్లో మిగిలి ఉండవచ్చు. తెల్లటి పొడి కనిపించగానే అది బూజేనని అనుకోకూడదు.

వరదలాంటి పెద్ద ఆపద వచ్చినప్పుడు గడియారంతో పోటీపడవలసి వస్తుంది. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని ఆర్నో నది ముంచెత్తినప్పుడు జాతీయ గ్రంథాలయంలో లక్షలాది పుస్తకాలు బురదలో మునిగాయి. దేశదేశాల నుంచి వచ్చిన యువకులు వరసలు కట్టి వాటిని చేతుల మీదుగా బయటికి అందించారు. తడిసిన పుస్తకాలను పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో పెట్టి ఆరబెట్టారు. కొయ్య పలకల మీది చిత్రాల విషయంలో మాత్రం తొందర పనికిరాలేదు. తడిసి ఉబ్బిన పలక ఒక్కసారిగా ఎండితే కుంచించుకుపోయి రంగు పొర పెచ్చులు లేస్తుంది. నెమ్మదిగా ఎండనిస్తే ఈలోగా బూజు పడుతుంది. బోబోలి తోటలోని నిమ్మచెట్ల శాలను గాలి నియంత్రణ గదిగా మార్చి, తేమను మెల్లమెల్లగా తగ్గిస్తూ, బూజు మీద ఓ కన్నేసి ఉంచారు. గంటల తరబడి నీటిలో మునిగిన జార్జో వసారి చిత్రం ‘ది లాస్ట్ సప్పర్’ మరమ్మతు పూర్తయి మళ్లీ గోడ ఎక్కింది 2016లో, అంటే 50 ఏళ్లకు. ఇవాళ అనుసరించే పద్ధతి ఏమిటంటే, తడిసిన కాగితాలను 48 గంటల్లో ఆరబెట్టగలిగితే ఆరబెట్టాలి. అంత సామర్థ్యం లేకపోతే సున్నాకు 20 డిగ్రీల దిగువన గడ్డకట్టించాలి. గడ్డకట్టించడం వల్ల శిలీంధ్రం చావదు, ఆగుతుంది. ఆ వ్యవధిలో ఒక్కో కట్టను తీసి తీరికగా ఆరబెట్టుకోవచ్చు. చేపలు, ఐస్‌క్రీము నిల్వచేసే శీతల గిడ్డంగి యజమానితో ముందే ఒక ఒప్పందం రాసుకోవడం కోస్తా జిల్లాల్లోని ఏ గ్రంథాలయానికైనా సాధ్యమే. తుపాను వచ్చాక వెతకడం సాధ్యం కాదు.

రసాయనాల విషయంలో మన దేశంలో ఒక అలవాటు గట్టిగా పాతుకుపోయింది. కింద 40 వాట్ల బల్బు, దానిపైన గిన్నెలో థైమాల్ అనే బూజునాశిని పలుకులు, ఆ పైన జాలీ మీద విప్పి పరిచిన పుస్తకాలు: ఈ థైమాల్ పెట్టె చాలా గ్రంథాలయాల్లో, అభిలేఖాగారాల్లో కనిపిస్తుంది. ఆ ఆవిరి తగిలినంతసేపు శిలీంధ్రాన్ని అణుస్తుందన్నది నిజమే. పెట్టె నుంచి తీసి మళ్లీ అదే చెమ్మ గదిలో పెడితే ఆ పుస్తకానికి ఏ రక్షణా మిగలదు. పైగా థైమాల్ వార్నిషులను, తైలవర్ణాలను మెత్తబరుస్తుంది, చర్మపత్రాలకు చేటు చేస్తుంది, అది ఇంకిన కాగితం వెలుతురుకు పసుపెక్కుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు శిలీంధ్రాన్ని సమర్థంగా చంపుతుంది. అది క్యాన్సరు కారకం, వస్తువుల్లో ఇంకి నిలిచిపోతుంది. గామా కిరణాలు కాగితంలోని సెల్యులోజ్ గొలుసులను తెంచుతాయి. పెద్దఎత్తున నష్టం జరిగి వేరే దారి లేనప్పుడు నిపుణులు వీటిలో కొన్నిటిని ఎంచుకోవడం వేరు, ఏటా ఒక క్రతువులా చేయడం వేరు. రెండోదాన్ని మానుకోవాలి. 70 శాతం ఇథనాల్‌ను, అదీ రంగులు, సిరా కరగవని ఒక మూల పరీక్షించుకున్న తర్వాత, చిన్నచిన్న చోట్ల వాడటం వరకే రోజువారీ పని పరిమితం కావాలి. మంచి ఉద్దేశంతో చేసిన చికిత్స కొత్త నష్టం తెచ్చిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నిపుణుడు లోరెంజో చెక్కోనిని అజంతాకు పిలిపించింది. ఊడిపోతున్న పొరలను నిలబెట్టడంలో ఆ బృందం చేసిన పని విలువైనదే. కానీ చిత్రాల మీద పూసిన లక్క వార్నిషు కాలక్రమంలో పసుపెక్కి, దుమ్ము పట్టి, దాన్ని తొలగించడమే తర్వాతి తరాలకు పెద్ద పని అయింది.

కొన్నిచోట్ల ఏమీ చేయకపోవడమే సరైన నిర్ణయం. ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధి గోడల మీద గోధుమరంగు మచ్చలు నిండుగా ఉన్నాయి. సందర్శకుల వల్ల అవి పెరుగుతున్నాయన్న భయం చాలాకాలం ఉండేది. కళాఖండాల సంరక్షణ మీద పనిచేసే అమెరికా సంస్థ గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు ఆ మచ్చలను 1920ల నాటి ఫొటోలతో పోల్చి చూశారు. మచ్చలు పెరగలేదు, అవి ఎప్పుడో చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలు. ఆ మచ్చలు చిత్రపు రంగులోకి ఇంకిపోయినందున తీయబోతే చిత్రమే పోతుంది. అందుకని వాటిని అలాగే వదిలేశారు. వందేళ్ల కిందటి మంచి ఫొటోలు లేకపోతే ఈ నిర్ణయం ఇంత నమ్మకంగా తీసుకోగలిగేవారు కాదు.

జపాన్‌లో తకమత్సుజుక సమాధికి ఆ అదృష్టం దక్కలేదు. నారా ప్రాంతంలోని అసుక గ్రామంలో 1972లో బయటపడిన ఆ రాతిగదిలో, 7వ శతాబ్దం చివర లేదా 8వ శతాబ్దం మొదట సున్నపు పూత మీద గీసిన స్త్రీల బృందం, తెల్లపులి వంటి చిత్రాలున్నాయి. యంత్రాలతో తేమను, వేడిని నియంత్రిస్తూ ఉన్నచోటే కాపాడాలని చూశారు. 2001లో పక్కన మరమ్మతు పని జరిగాక బూజు పెద్దఎత్తున లేచింది. తెల్లపులి గీతలు వెలిసిపోయిన సంగతి 2004లో దేశమంతటికీ తెలిసి దుమారం రేగింది. చివరికి 2007లో ఆ గదిని రాయి రాయిగా విడదీసి మరమ్మతు శాలకు తరలించారు. పని పూర్తయ్యేసరికి 2020 అయింది. లాస్కోలోనూ ఇక్కడా ముప్పు ముదిరింది కట్టడంలో పని జరిగిన సమయంలోనే అన్నది గమనించదగ్గ విషయం. పనివాళ్ల కదలికలు, తెరిచి ఉంచిన ద్వారాలు, మారిన గాలి: మరమ్మతు జరిగే నెలల్లో కాపలా రెట్టింపు కావాలి గాని సడలకూడదు.

తెలుగు నేల మీది సమస్యకు స్వభావం వేరు. ఇక్కడ బయటి గాలే వేడిగా, తేమగా ఉంటుంది. దానికి పరిష్కారంగా ఏసీ పెట్టించడం సంస్థలకు మొదట తట్టే ఆలోచన. ఏసీ గాలిలోని నీటిని కొంత తీస్తుంది, నిజమే. అది రాత్రింబవళ్లు నడిచినప్పుడు. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా నడిపి ఆపేస్తే ఏం జరుగుతుందో చూడండి. 30 డిగ్రీల వేడిలో 60 శాతం తేమ ఉన్న బయటి గాలి, పగలంతా చల్లబడిన గదిలోకి చొరబడి 25 డిగ్రీలకు దిగితే, చుక్క నీరు అదనంగా చేరకుండానే దాని తేమ 80 శాతానికి చేరుతుంది. వానాకాలంలో 32 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల లోపు చల్లబడిన గోడకు తగిలితే అక్కడ నీరే పడుతుంది. పగలు మాత్రమే నడిచే ఏసీ కన్నా అసలు ఏసీ లేని, గాలి ఆడే గది చాలాసార్లు మేలు. అమెరికాలోని జార్జియా తీరంలో జెకిల్ ద్వీపంలోని హాలీబోర్న్ కాటేజీ అనే పాత భవనంలో గెట్టీ నిపుణులు ఏసీ లేకుండానే ప్రయత్నం చేశారు. బయటి గాలి పొడిగా ఉన్నప్పుడు మాత్రమే ఫ్యాన్లు దాన్ని లోపలికి తెచ్చేలా, లేనప్పుడు గదిని కొద్దిగా వేడిచేసి తేమ శాతాన్ని దించేలా అమర్చారు. కోనసీమ, కృష్ణా డెల్టాల్లోని ఏ చిన్న గ్రంథాలయానికైనా ఈ తర్కం పనికొస్తుంది. కిటికీలు ఎప్పుడు తెరవాలి అన్నది అలవాటును బట్టి గాక బయటా లోపలా పెట్టిన రెండు మీటర్లను చూసి నిర్ణయించాలి.

కట్టడం సంగతి ఇంకా మొండిది. డంగుసున్నంతో కట్టిన పాత గోడ కాస్త తేమను పీల్చుకుని, ఎండలో మళ్లీ బయటికి వదిలేస్తుంది. చెమ్మ కనిపించిందని దానిమీద సిమెంటు పూత వేసి, ఆపైన ఎనామిల్ రంగు కొడితే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు గోడలో ఇంకా పైకి పాకి, పూత లేని చోట, చిత్రాలున్న చోటైనా సరే, బయటపడుతుంది. పాత గుళ్లలో, దేవిడీల్లో, జమీందారీ భవనాల్లో ఈ తప్పు పదేపదే జరుగుతూ ఉండటం బాధ కలిగించే విషయం. ఎందుకంటే దాన్ని చేసేది నిర్లక్ష్యంతో కాదు, బాగుచేయాలన్న ఆత్రంతోనే. లేపాక్షిలోలా పైకప్పు అడుగునే చిత్రాలున్న చోట, డాబా మీద మూసుకుపోయిన ఒక్క తూము, రాళ్ల సందున మొలిచిన ఒక్క రావి మొక్క చాలు ముప్పు తేవడానికి. ఆ మొక్కను పీకడానికి రసాయన శాస్త్రం అక్కర్లేదు, నిచ్చెన చాలు.

తాళపత్రాల విషయంలో మన పెద్దలకు తమదైన పద్ధతులుండేవి. ఆకుల అటూ ఇటూ కొయ్య పలకలు పెట్టి, తాడుతో బిగించి, గుడ్డలో చుట్టి, నేల తేమ తగలని అటక మీద పెట్టేవారు. ఏటా ఒకసారి విప్పి చూసేవారు. శరన్నవరాత్రుల్లో సరస్వతీ పూజకు గ్రంథాలను బయటికి తీసే ఆచారం నైరుతి రుతుపవనాల వానలు వెనక్కు తగ్గే వేళకు వస్తుంది. వాన తర్వాత తనిఖీకి తెలంగాణలో అదే సరైన అదను. నెల్లూరు వైపు మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు ఆ తర్వాతే పడతాయి కనుక సంక్రాంతి దాటాక ఇంకోసారి చూడాలి. నిమ్మగడ్డి నూనె పలచగా రాయడం ఆకు పెళుసెక్కకుండా చూస్తుంది. ఎక్కువైతే దుమ్ము పట్టి అదే మళ్లీ తిండి అవుతుంది. ఎర్రగుడ్డలో వస కొమ్ములో, వేపాకులో పెట్టడం పురుగులకు కొంత అడ్డు కావచ్చు గాని, తేమ 80 శాతం ఉన్న బీరువాలో బూజును ఆపదు. బూజు పట్టిన ఆకులను, పుస్తకాలను మిట్టమధ్యాహ్నపు ఎండలో పరచడం కూడా మంచిది కాదు. ఎండ బూజును ఎండగొడుతుంది, దాంతోపాటు ఆకును వంచుతుంది, సిరాను వెలవెలబోయేలా చేస్తుంది. నీడ, గాలి, ఓపిక కావాలి.

ఇనుప బీరువాలను గోడకు జానెడు దూరం జరపడానికి, ఒక్కోదాని లోపల చిన్న తేమ మీటరు పెట్టి వారానికోసారి రాసుకోవడానికి ఏ సంస్థకైనా ఖర్చు స్వల్పమే. మే నెలాఖరులో డాబా తూములు, వాన గొట్టాలు శుభ్రం చేయించడానికి, మొదటి పెద్ద వాన పడిన రోజే ఎవరో ఒకరు టార్చిలైటుతో పైకప్పు లోపలి వైపు చూసి రావడానికి కూడా అంతే. ఈ పనులు నిధుల ప్రతిపాదనల్లో కనిపించవు, ఎందుకంటే వాటికి యంత్రం పేరు, ప్రారంభోత్సవం ఉండవు. అయినా బూజు తుడిపించడానికి మంజూరు చేసే ప్రతి రూపాయితో పాటు, ఆ నీరు ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టి ఆపామని కట్టడాల ఇంజనీరు, సంరక్షకుడు కలిసి రాసిన నివేదికను అడగడం పురావస్తు శాఖలకు, గ్రంథాలయ సంస్థలకు నియమం కావాలి. ఆ నివేదికలో గోడ పేరు, గొట్టం పేరు, మరమ్మతు చేసిన తేదీ, ఆ తర్వాత ఒక వానాకాలమంతా తీసుకున్న తేమ కొలతలు ఉండాలి.